పాత సరకుల తేజీ: పాత బియ్యమా, పాత చింతపండా?

మిర్చి, పసుపు, ఆముదాల ధరలు చూచుకొనే ఈ పుటలో కార్లను గురించి, తుపాకులను గురించి, పిల్లలాడుకొనే బొమ్మల అట్టలను గురించి వ్రాయడమేమని వర్తకులు ఆశ్చర్యపడవచ్చును. కాని ఇటీవల బజారులో ఒక మాట తరచు వినవస్తున్నది. సీజను బాగున్న ఏడు నాలుగు డబ్బులు మిగిలిన వర్తకుడు ఇదివరకు పొలమో, బంగారమో కొనేవాడు. ఇప్పుడు కొందరు పాత కార్ల వైపు, పాత మోటారు సైకిళ్ళ వైపు, పాత గడియారాల వైపు చూస్తున్నారు. "పాతదానికి ధర పెరగడమేగాని తగ్గడముండదండీ" అన్నది వారి ధీమా. ఈ ధీమాలో గింజ ఎంత, తాలు ఎంత అన్నది చూడవలసిన అవసరం వచ్చింది.

పాతబడితే ధర పెరిగే సరకులు మనకు తెలియనివి కావు. పాత బియ్యానికి కొత్త బియ్యం కన్న ధర ఎక్కువ. అన్నం ఒదుగుతుంది, పొడిపొడిగా వస్తుంది కనుక వాడకందారు ఆ ఎక్కువ ధర ఇష్టపడి ఇస్తాడు. చింతపండు సంగతి వేరు. నిల్వ ఉన్నకొద్దీ నల్లబడుతుంది. రంగు పోతే రేటు పోయినట్లే. అందుకే దానిని శీతల గిడ్డంగిలో పెట్టి అద్దె కడుతున్నారు. రెండూ పాత సరకులే. ఒకదానికి కాలం లాభం, రెండవదానికి కాలం ఖర్చు. పాత వస్తువుల మీద డబ్బు పెట్టబోయేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే. వాటిలో చాలా భాగం చింతపండు జాతివేనని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను.

పై బజార్ల కబురు

తేజీ లేదని ఎవరూ అనలేరు. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 1955లో రెండే రెండుగా తయారు చేసిన 300 ఎస్.ఎల్.ఆర్. ఊలెన్‌హాట్ కూపే కార్లలో ఒకటి 2022 మే నెలలో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. 1962 నుంచి 1964 వరకు వచ్చిన ఫెరారీ 250 జి.టి.ఓ. కార్లు మొత్తం 36. వాటిలో ఒకటి 2018లో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు, మరొకటి 2023లో 5 కోట్ల 17 లక్షల డాలర్లకు వేలంలో పోయినవి. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మతో టాప్స్ కంపెనీ 1952లో వేసిన అట్టముక్క ఒకటి 2022 ఆగస్టులో కోటి 26 లక్షల డాలర్లు పలికింది. దాని సొంతదారు 1991లో దానిని కొన్నది 50 వేల డాలర్లకు.

ఇటువంటి కబురు వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని వర్తకుడు పాట ఆగిన అంకె ఒక్కటే చూడడు. డబ్బు పెట్టిన తేదీ కూడ చూస్తాడు. 31 ఏళ్ళలో 252 రెట్లు అంటే చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 20 శాతానికి కొంచెం లోపు. మంచి రాబడే, సందేహం లేదు. అయితే ఇది ఆ జాతిలో మేలిమి సరకు మీద వచ్చిన రాబడి. పైగా వేలం కమీషను కూడ కలిసిన అంకె. ఫెరారీల సంగతి చూడండి. బండ్లు వేరైనా రకం ఒకటే. అయిదేళ్ళ ఎడంతో పలికిన రెండు ధరలకు తేడా 7 శాతం లోపు. ఆ అయిదేళ్ళు ఆ డబ్బు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టుగా పడి ఉన్నా అంతకన్న తక్కువ వచ్చేది కాదు. మొదటి రకానికి పలికిన గరిష్ఠ ధర చూచి తాలుకాయల లాటు కొన్నవాడి గతి ఏమవుతుందో గుంటూరు యార్డులో ఎవరినడిగినా చెబుతారు.

కరువు ఎలా పుట్టింది?

ఈ ధరలకు మొదటి ఆధారం సరకు కరువు. ఆ కరువు ఎలా పుట్టిందో తెలుసుకోవడం అవసరం. 1952 నాటి బేస్‌బాల్ అట్టల చివరి విడత ఆటల సీజను ముగియవచ్చిన వేళకు విడుదలైంది. దుకాణదార్లు తీసుకోలేదు. సరకు ఏళ్ళ తరబడి గిడ్డంగిలో మూలిగింది. చివరకు 1960లో ఆ పెట్టెలను పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ తరువాత స్వయంగా చెప్పుకొన్నాడు. మాంటిల్ బొమ్మ ఆ విడతలోదే. అంటే దానిని దాచాలని ఆనాడు ఎవరికీ తోచలేదు కనుకనే ఈనాడు దానికి ధర వచ్చింది.

దీని తరువాతి కథ మనకు మరింత పనికివస్తుంది. పాత అట్టలకు ధర పలుకుతున్నదని తెలియగానే 1980ల చివర, 1990ల మొదట్లో కంపెనీలు కుప్పలు తెప్పలుగా అచ్చువేసినవి. జనం కొని సీలు విప్పకుండా పెట్టెలతో దాచారు. ముప్ఫయి అయిదేళ్ళు గడిచినా ఆ పెట్టెలలో చాలావాటికి వడ్డీ మాట దేవుడెరుగు, అసలు దక్కడమే గగనం. దాచడానికని తయారై, దాచడానికని అమ్ముడైన సరకుకు కరువు రాదు. "పరిమిత సంఖ్యలో" అని అచ్చువేసి నేడు అమ్ముతున్న నాణేలకు, బొమ్మలకు, గడియారాలకు కూడ ఈ సూత్రమే వర్తిస్తుంది.

తుపాకుల బజారు

తుపాకుల విషయంలో కరువును పుట్టించేది కర్మాగారం, లేదా చట్టం. అమెరికాలో కోల్ట్ కంపెనీ వారి సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరు 1873 నాటిది. గిరాకీ లేక రెండవ ప్రపంచ యుద్ధపు తొలి రోజులలో దాని తయారీ ఆగింది. 1950లలో టెలివిజనులో కౌబాయ్ కథలు మొదలుకాగా, జనం ఆ రివాల్వరే కావాలన్నారు. కంపెనీ 1956లో తయారీని మళ్ళీ మొదలుపెట్టింది. విన్చెస్టర్ మోడల్ 70 రైఫిలుది మరొక రకం కథ. 1936లో వచ్చిన ఈ రైఫిలు తయారీ ఖర్చును తగ్గించడం కోసం 1964లో కంపెనీ పద్ధతులు మార్చింది. వేటగాళ్ళకు కొత్త సరకు నచ్చలేదు. అప్పటి నుంచి "64కు ముందుది" అన్న మాటే ఒక గ్రేడుగా మారి పై ధర పలుకుతున్నది. ఇందులో కొంత పాత బియ్యపు గుణమున్నది. వాడకందారు చేతిలో పట్టుకొని తేడా చూచి ఇచ్చిన ధర అది.

కాని కర్మాగారం ఆపిన సరకును మళ్ళీ కర్మాగారమే తేగలదు. 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్ రివాల్వరు తయారీ 2005 నాటికి పూర్తిగా ఆగింది. పాతవాటి ధర ఏటేటా ఎక్కింది. కంపెనీ 2020లో అదే పేరుతో కొత్త రివాల్వరును 1,499 డాలర్ల ధరకు బజారులో పెట్టింది. వాడకానికి కావలసినవాడికి కొత్తది దొరికింది. పాతదానికి ఇక మిగిలింది జ్ఞాపకం కోసం కొనేవాడు మాత్రమే.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ధర పుట్టినది జ్ఞాపకం నుంచి కాదు, మూసిన తలుపు నుంచి. 1980ల నడుమ నుంచి సామాన్య లైసెన్సుదార్లకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అంతకు ముందు వచ్చిన సరకే చేతులు మారుతూ వచ్చింది. అందుకే విదేశాలలో సాధారణ ధరకు దొరికే పిస్తోలు మన లైసెన్సుదార్ల మధ్య లక్షల రూపాయలు పలికింది. ఇది సరకు ధర కాదు, పర్మిట్టు ధర. చట్టం ఇచ్చిన ధరను చట్టమే తీసివేయగలదు. ఆయుధాల చట్టానికి 2019లో జరిగిన సవరణతో ఒక మనిషి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య 3 నుంచి 2కు తగ్గింది. మూడవది ఉన్నవారు దానిని అప్పగించడమో, అమ్ముకోవడమో చేయవలసి వచ్చింది. ఒక్క సవరణతో అమ్మకందార్లు పెరిగి కొనుగోలుదార్లు తగ్గారు.

తాతగారి జంట గొట్టాల తుపాకి ఇంట్లో ఉన్నవారికి ఈ సంగతి అనుభవమే. వారసునికి లైసెన్సు లేకపోతే దానిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించవలసినదే. లైసెన్సు ఉన్నా ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనుకు మోసుకుపోవాలి. గోడకు వ్రేలాడదీసి చూచుకొనే ముచ్చట వరకు సరే గాని, దానిని ఆస్తిగా లెక్క కట్టడం సాహసం.

పర్మిట్టు ధర అంటే ఏమిటో పాత తరం వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉన్న రోజులు వారికి గుర్తే. ఎలాటుమెంటు వచ్చిన బండిని షోరూము గుమ్మంలోనే ప్రీమియం మీద అమ్ముకొన్నవారున్నారు. 1980లలో కొత్త కంపెనీలు వచ్చి తయారీ పెరిగేసరికి ఆ ప్రీమియం కరిగిపోయింది. బండి మారలేదు, తలుపు తెరుచుకొన్నది, అంతే.

జ్ఞాపకానికీ వయస్సున్నది

రెండవ ఆధారం జ్ఞాపకం. పదేళ్ళ వయస్సులో వీధిలో చూచి ఆశపడిన కారును మనిషి యాభయ్యవ ఏట చేతిలో డబ్బు ఆడినప్పుడు కొంటాడు. పిల్లలు స్థిరపడి, ఇల్లు కట్టుకొని, అప్పులు తీరిన వయస్సు అది. 1950లలో బాల్యం గడిపిన అమెరికా వారు 1990లలో, 2000లలో ఆ నాటి కార్ల ధరలను పైకి తీసుకొనిపోయింది ఇలాగే. ఆ తరం ఇప్పుడు అమ్మకందార్ల వరుసలో నిలిచింది. వారసులకు ఆ కారు మీద జ్ఞాపకం లేదు. దానిని పెట్టుకొనే షెడ్డు కూడ లేదు. 1920, 30లలో తయారైన సాధారణ రకం కార్లకు ఈ దశ ముందే వచ్చింది. వాటిని చిన్నతనంలో చూచినవారు పోయిన తరువాత గిరాకీ పలచబడింది.

కొత్త తరం తన జ్ఞాపకాలను తాను కొనుక్కొంటున్నది. 2001లో వచ్చిన ఒక హాలీవుడ్ కార్ల పందేల సినిమాలో వాడిన 1994 నాటి టయోటా సూప్రా 2021లో 5 లక్షల 50 వేల డాలర్లు పలికింది. ఆ డబ్బుతో 1950ల నాటి మంచి కార్లనే కొన్నింటిని కొనవచ్చును. కాని కొనేవాడు చిన్నప్పుడు చూచినది సూప్రాను. పంటకు ఏడాది ఉన్నట్లే జ్ఞాపకానికి తరం ఉన్నది. అమ్మబోయే నాటికి కొనే తరం ఏది అన్న ప్రశ్నకు జవాబు లేకుండా పాత సరకు కొనరాదు.

ఈ బజారులో మందీ రాదనుకోవడం కూడ పొరపాటు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ మరణించిన తరువాత ఆ కంపెనీ పాత కార్ల కోసం పోటీ పెరిగింది. జపాన్‌లో డబ్బు పొంగుతున్న రోజులవి. ఇదే 250 జి.టి.ఓ. రకం 1990 దరిదాపులలో కోటి డాలర్లు దాటింది. జపాన్‌లో షేర్లు, భూముల ధరలు కూలిన తరువాత 1994 నాటికి 30 లక్షల డాలర్లకు దిగింది. ప్రపంచంలో 36 మాత్రమే ఉన్న సరకు గతి ఇది. కరువు తగ్గలేదు, అప్పు తెచ్చి కొన్నవాడి ఊపిరి తగ్గింది. తట్టుకొని పాతికేళ్ళు నిలిచినవాడు గెలిచాడు. అప్పులవాళ్ళు తొందర చేసినవాడు మూడు వంతులు పోగొట్టుకొన్నాడు.

మన ఇంటి పాత సరకు

ఇక మన దేశపు సరకు. ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి తయారైన అంబాసిడర్ 2014లో ఆగింది. ఆ పేరును 2017లో ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొన్నది. బొంబాయి వీధులలో తిరిగిన పద్మిని టాక్సీలలో చివరివి 2023 అక్టోబరులో రోడ్డు దిగినవి. మైసూరులో 1961 నుంచి తయారైన జావా, ఆ పిమ్మట యెజ్డీ మోటారు సైకిళ్ళు 1996లో ఆగి, జావా పేరు 2018లో తిరిగి వచ్చింది. చేతక్ పేరు 2020లో విద్యుత్ స్కూటరు మీద కనిపించింది. అంటే జ్ఞాపకం మీద నికరమైన వ్యాపారం చేస్తున్నది పాత బండిని షెడ్డులో పెట్టుకొన్నవాడు కాదు. పాత పేరు మీద కొత్త బండి అమ్ముతున్నవాడు.

అంబాసిడర్లు మరీ కరువు సరకు కావు. ప్రతి జిల్లా కేంద్రంలో, ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో తిరిగిన బండి అది. తొలి నాటి మార్క్ 1 రకం, కాగితాలతో, అసలు ఇంజనుతో ఉన్నది వేరు. గ్యాసు బిగించి టాక్సీగా అరిగిన బండి వేరు. రెండింటికీ ఒకే పేరు ఉన్నంత మాత్రాన ఒకే ధర రాదు.

పైగా చట్టం ఒక గీత గీసింది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికే వింటేజ్ హోదా. దానికి వి.ఎ. అక్షరాలతో ప్రత్యేక నెంబరు. కొత్తగా రిజిస్టరు చేయించడానికి 20 వేల రూపాయల రుసుము. అటువంటి బండిని నిత్య వాడకానికి, కిరాయికి నడపరాదు. 15 ఏళ్ళు దాటి 50 నిండని బండ్లు నడిమి రకం. వాటిని వింటేజ్ అనడానికి లేదు. కొత్త బండిలా తిప్పడానికీ లేదు. రిజిస్ట్రేషను తిరగవ్రాయించుకొంటూ, ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకొనిపోతూ ఉండవలసినదే. 1985 నాటి కారు ఈ రోజు కొంటే 2035 దాకా ఆ బాధ భరించాలి.

దిగుమతి వైపు కూడ తలుపు కదిలింది. ఇదివరకు 1950కి ముందు తయారైన కార్లకే వింటేజ్ కింద దిగుమతికి వీలుండేది. 2025లో ఆ నిబంధన మారి 50 ఏళ్ళు నిండిన బండ్లకు వీలు కలిగింది. సుంకాలు భారీవే గాని, ఇకపై ఏటా ఒక సంవత్సరపు సరకు కొత్తగా అర్హతలోకి వస్తూ ఉంటుంది. ఇక్కడ దొరకదన్న ధైర్యంతోనే 1950, 60ల నాటి విదేశీ కార్లకు పై ధర పెట్టినవారు ఈ సంగతి గమనించవలెను.

గడియారాల సంగతి కూడ ఒక మాట. బెంగళూరులో 1961లో మొదలైన హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారాలు మూతబడిన తరువాత పాతవాటికి గిరాకీ వచ్చింది. దాని వెంటే పాత విడిభాగాలను కూర్చి, డయలు కొత్తగా వేసి "అసలు సరకు" అని అమ్మేవారూ వచ్చారు. ఏ సరకుకు ధర వచ్చినా కల్తీ వెన్నంటే వస్తుంది. మిరప పొడికి పరీక్ష ఉన్నది, పసుపుకు అగ్‌మార్క్ ఉన్నది. గడియారానికి అమ్మకందారు మాటే ముద్ర.

ఒక చిన్న లెక్క

మాటలు కట్టిపెట్టి లెక్కలోకి వద్దాము. ఒక కమీషను వర్తకుడు 10 లక్షల రూపాయలు పెట్టి పాత కారు కొన్నాడనుకొందాము. డబ్బు విలువ ఏడాదికి 12 శాతం. షెడ్డు, బీమా, మెకానిక్, టైర్లు, తుప్పు మరమ్మతు కలిపి ఏడాదికి 50 వేలు. 6 ఏళ్ళు ఉంచుకొన్నాడు. అసలు మీద చక్రవడ్డీతో 19 లక్షల 74 వేలు. ఏటా పెట్టిన ఖర్చు వడ్డీతో 4 లక్షల 6 వేలు. వెరసి 23 లక్షల 80 వేలు. అమ్మేటప్పుడు దలాలీ 5 శాతం పోవాలి. అంటే కారు 25 లక్షలకు అమ్ముడైతేనే అతనికి లాభనష్టాలు లేకుండా బయటపడడం. 6 ఏళ్ళలో 10 లక్షల కారు 25 లక్షలు కావాలి. 18 లక్షలకు అమ్మి "8 లక్షలు మిగిలినవి" అని మిఠాయిలు పంచినవాడు నిజానికి 6 లక్షలకు పైగా పోగొట్టుకొన్నాడు.

పోనీ, అవసరానికి అక్కరకు వస్తుందా? శీతల గిడ్డంగిలో ఉన్న మిర్చి బస్తాలకు రసీదున్నది. ఆ రసీదు మీద బ్యాంకు అప్పిస్తుంది. పసుపుకు నిజామాబాదు కేంద్రంగా ఫ్యూచర్స్ బేరాలున్నవి. బంగారం ఏ ఊరిలోనైనా ఏ పూటనైనా డబ్బవుతుంది. పాత కారుకు ధర అన్నది ఇద్దరు మనుష్యులు తారసపడిన రోజున పుట్టేది. ఆ రెండవ మనిషి వచ్చే దాకా ధర లేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. కమీషను వర్తకుని డబ్బు అంతా అతని సొంతం కాదు. అందులో రైతుకు ఇవ్వవలసిన చెల్లింపులున్నవి, బ్యాంకు పరిమితి ఉన్నది, బయటి ఊళ్ళ కొనుగోలుదార్లు పంపిన బయానాలున్నవి. ఫిబ్రవరి, మార్చి నెలలలో యార్డుకు లారీలు వరుస కట్టినప్పుడు రైతు అడిగేది నగదు. అప్పుడు షెడ్డులోని కారు తలుపు తెరిచి చూపిస్తే అతడు పుచ్చుకొంటాడా? చెల్లింపు ఒక సీజను ఆలస్యమైతే పోయేది వడ్డీ మాత్రమే కాదు. మరుసటి ఏడు ఆ రైతు బండి పక్క కొట్టుకు పోతుంది. నలభై ఏళ్ళు కష్టపడి నిలబెట్టుకొన్న పరపతికి ఏ వేలంలోనూ ధర కట్టరు.

కొనేవారికి నాలుగు మాటలు

ఇంత చెప్పినందున పాత వస్తువులు కొనవద్దని నా అభిప్రాయం కాదు. నాన్నగారు నడిపిన ఫియట్‌ను తిరిగి రోడ్డెక్కించాలనుకొన్న కొడుకును ఎవరు తప్పుపట్టగలరు? ఆదివారం ఉదయం ఆ బండి స్టార్టయినప్పుడు కలిగే ఆనందానికి వడ్డీ లెక్క కట్టనక్కరలేదు. ఆనందం కోసం కొన్నవాడు మొదటి రోజునే ప్రతిఫలం పొందినట్లు. లాభం కోసం కొన్నవాడే లెక్క చూచుకోవలసినవాడు.

అతడు ఈ నాలుగు సంగతులు గమనించవలెను. సరకు కరువు సహజమా, లేక ఒక ఉత్తర్వుతో తీరిపోయేదా? అమ్మబోయే నాటికి దానిని చిన్ననాట చూచినవారు కొనే వయస్సులో ఉంటారా? ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు, ఆర్.సి. పుస్తకం ఒకదానితో ఒకటి కలుస్తున్నవా? చివరిగా, ఆ డబ్బు పదేళ్ళు తిరిగి రాకపోయినా సీజను నడుస్తుందా? నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు సందేహంగా ఉన్నా బేరం వదులుకోవడమే మేలు.

కొనడమే నిశ్చయమైతే ఆ మొత్తాన్ని ఇంటి ఖర్చుల కింద వ్రాసుకోవలెను. కొట్టు ఆవర్జాలో నిల్వ సరకు పద్దున ఎక్కించరాదు. ఈ రబీ సరకు యార్డుకు రాకముందే ఆ పద్దు ఒకసారి తిరగవేసి చూచుకోవడం మంచిది.